చిలక కంటి దారం

చిక్కపేట, బెంగళూరు
20 ఆగస్టు 2024

అత్తకు హేమంత్ నమస్కారాలు.

వరమహాలక్ష్మి బేరం బాగా అయింది. నువ్వు ఆనేకల్ నుంచి పంపిన చీరల్లో ఒక్కటీ మిగల్లేదు. నాన్న పోయాక నేను ఒక్కడినే నడిపిన మొదటి పండుగ ఇది. ఎలక్ట్రానిక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు చిక్కపేట అంగడిలో గాదీ పరుపు మీద కూర్చుని ఏం అమ్ముతాడులే అన్నవాళ్ళంతా ఇప్పుడు నోరు మూసుకున్నారు. నా భార్య అంబిక కూడా మూసుకుంది, కానీ ఆమె సంగతి నీకు తెలుసు కదా, ఎక్కువసేపు ఉండదు.

నాన్న పెట్టిన అలవాటు ప్రకారమే ఈ ఉత్తరాన్ని పట్టునూలు మూటలో పెట్టి నాగేంద్ర టెంపోలో పంపుతున్నాను. నీకు ఫోన్ చేస్తే, ఫోనులో ఒప్పుకున్న రంగు చీరలో రాదని పెట్టేస్తావు. సరే, కాగితం మీదే చెబుతాను.

నిన్న చామరాజపేట ఇనాయతుల్లా సాహెబు వచ్చారు. మనుమరాలు రుఖియాకు డిసెంబరులో నిఖా. పెళ్ళిచీర మన దగ్గరే కావాలన్నారు. ఎర్రపట్టు, జరీ అంచు. "ఎప్పుడూ మీ అత్త నేసేదే నేయమని చెప్పప్పా" అన్నారు. రాసుకున్నాను. రాత్రి ఇంటికెళ్ళాక ఫోనులో నాలుగు చోట్ల చదివాను. ఇస్లాంలో ప్రాణమున్నవాటి బొమ్మలు వేయడం, నేయడం కూడదంటారు. ప్రాణం పోసేవాడు దేవుడొక్కడే, బొమ్మ చేసేవాడు ఆ పనిలో వేలు పెట్టినట్టు అవుతుందట. మన కొంగులో చిలకల జంట ఉంటుంది కదా! పెద్దమనిషి, మొహమాటానికి చెప్పలేకపోయి ఉంటారు. కాబట్టి ఈ చీరకు చిలకలు వద్దు. వేరే ఏదైనా మంచిది నువ్వే చూసి వెయ్యి. ఇలాంటివి మనమే ముందుగా కనిపెట్టి చేస్తే వ్యాపారం నిలబడుతుంది.

మోకాలి నొప్పికి నూనె పంపాను, మూట అడుగున ఉంది.

నీ మేనల్లుడు,
హేమంత్‌కుమార్


ఆనేకల్
25 ఆగస్టు 2024

హేమంతా, ఆశీర్వాదాలు.

నూనె అందింది. సీసా మూత సరిగా పెట్టలేదు, పట్టునూలు ఒక చిట్టె జిడ్డయింది. కంప్యూటర్లో ఇలాంటివి జరగవు కాబోలు.

ఇంక చిలకల సంగతి. నువ్వు పుట్టకముందు నుంచి ఆ ఇంటికి నా చిలకలు వెళుతున్నాయి. సాహెబు భార్య ఖైరున్నిసా బేగం మనిషిని నేను చూడలేదు, పేరు మాత్రం బాగా తెలుసు. ప్రతి చీర తరువాత మీ నాన్న ఉత్తరంలో "ఖైరున్నిసా బేగానికి నచ్చింది" అని తప్పకుండా రాసేవాడు. ఆమె రంజానుకు సేమ్యా, ఖర్జూరం మీ అంగడికి పంపిస్తే అవి మూటలో నా దగ్గరికి వచ్చేవి. ఉగాదికి నా ఒబ్బట్లు అదే టెంపోలో అటు వెళ్ళేవి. ఇన్నేళ్ళూ వద్దనని మనిషి ఇప్పుడు వద్దంటుందా? నిన్ను ఎవరు అడిగారప్పా?

ఆ చిలకలు మీ మామ మునినారాయణప్ప గీసినవి. ఆయన పోయాక ఆ మగ్గంలో ఇంకేం మిగిలింది నాకు? ఆ గ్రాఫు కాగితం, దాన్నిబట్టి చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కించే ఆ అట్టలు, అంతే. ఇంకొకటి నీకు తెలియదు, చెబుతాను విను. మగ్గం మీద చిలక మొత్తం అవుతుంది, కన్ను ఒక్కటి మాత్రం కాదు. అట్టల్లో కన్ను దగ్గర ఖాళీ ఉంటుంది. చీర దించాక, స్నానం చేసి, చౌడేశ్వరమ్మకు దీపం పెట్టి, ఎర్రదారంతో సూదితో నేనే కన్ను పెడతాను. మా అత్త నేర్పింది. కన్ను పెట్టేటప్పుడు ఊపిరి బిగపట్టాలి. కన్ను పడేదాకా అది జరీ, పడినాక చిలక. కన్ను లేని చిలక మా గడప దాటకూడదు. ఇన్నేళ్ళలో దాటలేదు.

ప్రాణమున్నవి కూడదంటే మరి పువ్వుకు ప్రాణం లేదా, తీగకు లేదా? నీళ్ళు పోయకపోతే చస్తాయి కదా. అవన్నీ తీసేస్తే ఇంక మిగిలేది గీతలు. గీతల చీర కట్టుకుని పెళ్ళిపీట మీద కూర్చుంటుందా ఆ పిల్ల? సరిగా కనుక్కొని రాయి.

పెళ్ళికి మన తరఫున పటం ఒకటి ఇవ్వాలి. మన పెళ్ళిళ్ళకు వెంకటేశ్వరుడి పటం ఇస్తాం కదా, అలాగే వాళ్ళ ప్రవక్త పటం ఒకటి మీ పక్క వీధి పటాల అంగడిలో కొను. గంధపుచెక్క ఫ్రేము కట్టించు. చవకది వద్దు.

ఇట్లు,
కదిరమ్మ


చిక్కపేట
3 సెప్టెంబరు 2024

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నాకు చెమట పట్టింది. ఆ పటం మాట ఇంకెవరితోనూ అనకు తల్లీ! ప్రవక్త పటం అని ఒకటి ఉండదు. వాళ్ళు గీయరు, గీయనివ్వరు. గౌరవం కొద్దీ గీయరు, బొమ్మ ఉంటే దానికే మొక్కేస్తారన్న భయం కొద్దీ గీయరు. ఎవరైనా గీస్తే మనసు చాలా నొచ్చుకుంటుంది. పెళ్ళికి పళ్ళో, వెండి గిన్నో ఇద్దాం.

పువ్వులు, తీగలు, చెట్లు వేయవచ్చు. వాటికి అభ్యంతరం లేదట. ఊపిరి తీసుకుని తిరిగే జంతువులు, పక్షులు, మనుషులతోనే చిక్కు. నేను మొత్తం చదివే చెబుతున్నాను. నువ్వు ప్రాణం అనుకునేది వేరు, వాళ్ళ లెక్క వేరు.

చిలకలు మాత్రం వద్దు. ఆ ఇంట్లో వద్దన్నారు. ఇంతకంటే నేను వివరంగా రాయలేను. కాలం ముందులాగా లేదత్తా, చిన్న విషయం పెద్దదవుతుంది. నీకు మగ్గం తెలుసు, నాకు బయటి లోకం తెలుసు. ఈ ఒక్కసారి నా మాట విను.

అంబికకు నీ చేతి చిలకల చీర కావాలట. మన ఇంట్లోనే ఇంకా ఒకటి లేదని రోజూ దెప్పుతోంది. దాని సంగతి తరువాత చూద్దాం.

నీ
హేమంత్


ఆనేకల్
16 సెప్టెంబరు 2024

హేమంతా,

వద్దన్నారా? సరే.

చీర ఒడలు సగానికి వచ్చింది. అంచులో మామిడిపిందెలు వేశాను. నీకు చెబితే నవ్వుతావేమో, మీ మామ గ్రాఫులోనే చిలక తల దగ్గర కొన్ని గళ్ళు వదిలేసి ముక్కు తీసేస్తే అచ్చం మామిడిపిందె. ఒంపు అదే, తోక అదే. పక్షి పోయి కాయ వచ్చింది. చూడటానికి బాగానే ఉంది. నాకే చేతులు ఆడటం లేదు. కొంగు ఇంకా మొదలుపెట్టలేదు.

నన్ను ఒకటి తొలుస్తోంది. ఆ ఇంట్లో కూడదంటే ఇన్నేళ్ళు నేను పంపిన చీరలన్నీ ఏమయ్యాయి? ఆమె పెట్టెలో అడుగున పడేసిందా? పాత జరీ కొనేవాళ్ళకు వేస్తే కాల్చి వెండి తీసుకుంటారు, అలా పోయాయా? నచ్చింది, నచ్చింది అని మీ నాన్న రాసిందంతా నన్ను బుజ్జగించడానికేనా? నేను కన్ను పెట్టి పంపినవాటిని అక్కడ మంటలో వేశారంటే నాకు అన్నం సహించదు. నిజం తెలిసేదాకా కొంగు నేయను. డిసెంబరు వస్తే రానీ.

పటం గురించి నువ్వు రాసింది నాకు ఎక్కలేదు. ముఖం ఎలా ఉంటుందో తెలియకుండా మనిషి మీద అంత అభిమానం ఎలా వస్తుంది? నేను పొద్దున లేచి చౌడేశ్వరమ్మ కళ్ళు చూడకపోతే రోజు మొదలవదు. వాళ్ళు ఏం చూసుకుని దండం పెడతారు? అదీగాక పటం ఉండదని నువ్వు ఎలా అంటావు? మీ మామ గడ్డం గీయించుకునే చోట, ఆడమనిషి ముఖమూ రెక్కలూ ఉన్న గుర్రం పటం ఉండేది. ప్రవక్త ఎక్కిన వాహనమని ఆ అంగడతనే చెప్పాడు. వాహనం ఉంటే ఎక్కినాయన ఉండడా? నీకు తిరగడానికి బద్ధకమై ఉంటుంది. నేను నాగేంద్రకు చెప్పాను, అతను తెస్తాడు.

నీకు బయటి లోకం తెలుసు, నాకు తెలియదు. గుర్తుపెట్టుకుంటాను.

కదిరమ్మ


చిక్కపేట
14 అక్టోబరు 2024

అత్తకు పాదాలు పట్టుకుని రాస్తున్న ఉత్తరం.

ఆయుధపూజకు నువ్వు మగ్గానికి పూలు పెట్టావు కానీ పని ముట్టలేదని నాగేంద్ర చెప్పాడు. ఇంకా సాగదీస్తే లాభం లేదని నిన్న నేనే చామరాజపేట వెళ్ళాను. ముందు ఒక మాట. ఆ ఇంట్లో చిలకలు వద్దని ఎవరూ అనలేదు. నేను అడగలేదు. వద్దంటారని నాకు నేనే అనుకుని, నువ్వు వినడం లేదని వాళ్ళే అన్నట్టు రాశాను. తిట్టు, పడతాను. కానీ మిగతాది చదివాక తిట్టు.

సాహెబు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, నేను చెప్పిందంతా విని పకపకా నవ్వారు. "ఏమప్పా, మా ఇంట్లోనే నాలుగు మాటలుండాయి. నువ్వు ఫోనులో ఒక్క మాట చదివి మాకందరికీ చుట్టేసినావా?" అన్నారు. ఆయన పెద్దకొడుకు గోడకు ఇంట్లోవాళ్ళ ఫోటో కూడా పెట్టనివ్వడట. చిన్నకొడుకు, ఫోటో అంటే అద్దంలో నీడలాంటిదే, చేత్తో గీసినట్టు కాదని, బిడ్డల ఫోటోలు రోజూ దిగుతాడట. సాహెబు మాట వేరు. "జేబులో నోటు మీద బొమ్మ ఉండాది, ఆధారు కార్డులో నా బొమ్మ ఉండాది. నమాజు చేసే చోట మాత్రం ఏ బొమ్మా ఉండకూడదు. నాకు తెలిసింది అంత" అన్నారు. రుఖియాకు మాత్రం నానమ్మ చీరల్లాంటి చిలకలే కావాలట.

ఇంక ఆ నానమ్మ సంగతి. ఖైరున్నిసా బేగం నీ చీరలు కాల్చలేదు, అమ్మలేదు. అన్నీ ఉన్నాయి, రుఖియా తెచ్చి చూపించింది. మడతల్లో లవంగాలు పెట్టి దాచుకుంది. కట్టుకున్నది కూడా కనబడుతోంది, అంచులు నలిగాయి. కానీ అత్తా, ఏ చిలకకూ కన్ను లేదు. నువ్వు పెట్టిన ఎర్రదారాన్ని ఆమె సూదితో మెల్లగా విప్పేసేదట. జరీ ఒక్క పోగు తెగలేదు. కన్ను తీస్తే అది ప్రాణి కాదు, ఆకారం మాత్రమేనని ఆమె నమ్మకం. కన్ను తీస్తే చాలదు, తల పోవాలనేవాళ్ళూ ఉన్నారట. "ఆమె మాత్రం ఇంతే చాలంటాది. అయినా ఆ చీరతో నమాజు చేయదు. మార్చుకుంటాది" అన్నారు సాహెబు. ఇది నాన్నకు తెలుసు. నీకు చెప్పొద్దని ఆయనను బతిమాలుకుందట.

పటం గురించి నువ్వు అడిగింది కూడా అడిగాను. ముఖం చూడకుండా అభిమానం ఎలా అని. సాహెబు కోప్పడలేదు. "చూసినోళ్ళు మాటల్లో చెప్పిపెట్టినారప్పా. ఎట్లా నడిచేవారు, నవ్వితే ఎట్లుండేది, జుట్టు ఎందాక ఉండేది, పలకరిస్తే మొత్తం మనిషి ఇటు తిరిగి ఎట్లా పలకరించేవారు. మా నాయన నాకు చదివి వినిపించినాడు. నాకు అంతే చాలు" అన్నారు. రెక్కల గుర్రం పటాలు ఆయన చిన్నప్పుడు చాలా ఇళ్ళలో ఉండేవట, ఇప్పుడు తగ్గిపోయాయట. పాతకాలంలో వేరే దేశాల పుస్తకాల్లో ప్రవక్తను గీసినవాళ్ళూ ఉన్నారట, ముఖానికి ముసుగు వేసి. తమ ఇంట్లో మాత్రం ఎప్పుడూ లేదన్నారు.

దారిలో వస్తూ నాకొకటి అనిపించింది. చెబితే కొడతావేమో. ముఖం చూడకుండా అభిమానం ఎలా వస్తుందని అడిగావు కదా. ఖైరున్నిసా బేగం ముఖం నువ్వు ఎప్పుడైనా చూశావా?

ఇప్పుడు చెప్పు. కొంగులో ఏం వేస్తావు? నువ్వు ఏది వేస్తే అది తీసుకెళ్ళి ఇస్తాను. ఇంక నేను నోరెత్తను.

నీ
హేమంత్


ఆనేకల్
4 నవంబరు 2024

హేమంతా,

దీపావళి అయ్యేదాకా నీకు జవాబు రాయకూడదని కూర్చున్నాను. కోపం కొంచెం చల్లారాక రాస్తే మంచిదని.

నీ మీద కోపం ఒక పూటలో పోయింది. వాళ్ళు అనని మాట అన్నారని రాశావు, అది తప్పే. మళ్ళీ చేస్తే మూటలో ఉత్తరం బదులు చీపురు పంపిస్తాను. ఆమె మీద కోపమే పోలేదు. నేను ఊపిరి బిగపట్టి పెట్టిన కన్ను ఆమె కూర్చుని విప్పేసిందా అని మూడు రోజులు మండిపోయాను. పక్కింటి శాంతమ్మ వచ్చి "ఏం కదిరమ్మా, ఎవరన్నా పోయినారా?" అంది. పోయినట్టే ఉండాదని చెప్పాను.

తరువాత ఒక పొద్దున పడుగు సరిచేస్తూ ఉండగా మా అత్త మాట గుర్తొచ్చింది. నాకు పెళ్ళయిన కొత్తలో సరదాగా ఒక పాత గుడ్డ మీద చిలకకు కన్ను కుట్టాను. మా అత్త చేతిలోంచి లాక్కుని "ఆటలనుకున్యావా? కన్ను పెడితే అది చూస్తాది. చూసేదాన్ని పడేస్తావా నువ్వు?" అని కేకలేసింది. కన్ను పెట్టడమంటే ప్రాణం పోయడమని నేను ఆ రోజు నుంచి నమ్ముతున్నాను. అందుకే కదా స్నానం, దీపం, ఊపిరి బిగపట్టడం! ఖైరున్నిసా కూడా అదే నమ్మింది. నువ్వూ, నీ ఫోనూ దాన్ని ఒక నిషేధంగా చదివారు. ఆమె మాత్రం నా చిలకకు నిజంగా ప్రాణం ఉందనుకుంది. ఉత్త దారమని అనుకుని ఉంటే విప్పే పనేముంది? నా పని అంత గట్టిగా నమ్మిన మనిషి నాకు ఇంకొకరు లేరు. మీ మామతో సహా.

నాకు కన్ను పెట్టడానికి భయం, అయినా పెడతాను. ఆమెకు ఉంచుకోవడానికి భయం, అందుకని తీసేస్తుంది. ఇందులో కోపానికి చోటెక్కడుందో నాకు దొరకలేదు.

కాబట్టి కొంగులో చిలకలు వేశాను. చీర మగ్గం దిగింది. కన్ను పెట్టలేదు. ఆమె వయసు నాకంటే ఎక్కువ, సూది పని ఇంకా ఆమె నెత్తిన పెట్టడమెందుకు? చేతికి కన్ను లేని చిలక రావడం ఎలా ఉందంటే చెప్పలేను. బోసిగా ఉంది. రెండుసార్లు సూదిలో దారం ఎక్కించి మళ్ళీ తీసేశాను.

ఇంక గడప మాట. కన్ను లేని చిలక మా గడప దాటకూడదని మా అత్త ఆన. చాలా ఆలోచించాను. చూపు లేనిదాన్ని ఒంటరిగా పంపకూడదనే కదా ఆమె అన్నది? చెయ్యి పట్టుకుని తీసుకెళితే తప్పు లేదు. అందుకని ఈ చీర నాగేంద్ర టెంపోలో రాదు. నేనే తెస్తాను. మీ నాన్న కర్మకు వచ్చిన తరువాత బెంగళూరు రాలేదు. ఇప్పుడు వస్తాను.

పటం కూడా దొరికింది. నాగేంద్ర పటాల అంగడిలో ప్రవక్త పటం కావాలని అడిగాడట. ఆ అంగడివాడు చెయ్యి జోడించి "అన్నా, అట్లాంటిది ఉండదు, ఇంకెక్కడా అడగొద్దు" అని చెప్పి, మక్కాలోని నల్లటి గుడి పటం ఇచ్చాడట. ముఖం లేదు, ఇల్లు ఉంది. చుట్టూ చీమలంత మనుషులు ఉన్నారు కానీ ఎవరికీ కన్నూ ముక్కూ కనబడవు, భూతద్దం పెట్టి చూశాను. ఇది ఇవ్వొచ్చో లేదో సాహెబును అడుగు. నువ్వు అనుకోవద్దు. అడుగు.

కదిరమ్మ


చిక్కపేట
9 నవంబరు 2024

అత్తకు నమస్కారాలు.

అడిగాను! పటం ఇవ్వొచ్చట, సాహెబు చాలా సంతోషించారు. దాన్ని గుడి అనవద్దు, కాబా అనాలి. హాల్లో ఎక్కడ పెట్టాలో అప్పుడే చోటు కూడా చూసుకున్నారు.

నువ్వు వస్తున్నావని చెప్పగానే లోపలి నుంచి ఏదో మాట వినిపించింది. సాహెబు వెళ్ళి వచ్చి, "ఆనేకల్ ఆమెకు ఏమి వండాలని అడుగుతా ఉండాది" అన్నారు. నువ్వు మాంసం తినవని చెప్పాను. ఖైరున్నిసా బేగానికి రెండు కళ్ళలోనూ పొర వచ్చిందట, ఆపరేషన్ పెళ్ళి తరువాతకు వాయిదా వేశారు. మనిషి నీడలా కనబడుతుందట. నీకు ముందుగా చూపిద్దామని ఆమె ఫోటో ఒకటి అడిగాను. ఆమె ఎప్పుడూ ఫోటోకు నిలబడలేదట. ముఖం చూడాలంటే నువ్వు రావలసిందే.

మెజెస్టిక్ బస్టాండులో దిగి మెట్రో ఎక్కితే చిక్కపేట ఒకటే స్టేషను. కానీ నువ్వు ఎక్కవు, నాకు తెలుసు. నేనూ అంబికా ఆనేకల్ వచ్చి నిన్ను తీసుకొస్తాం.

నీ
హేమంత్


ఆనేకల్
2 డిసెంబరు 2024

హేమంతా, అంబికా, ఇద్దరికీ ఆశీర్వాదాలు.

సుఖంగా ఇల్లు చేరాను. ఆ రోజు చామరాజపేటలో నువ్వు ముందు గదిలో సాహెబుతో రాజకీయాలు మాట్లాడుతూ కూర్చున్నావు. దారంతా "లోపల ఏమైంది, ఏమైంది" అని ప్రాణం తీశావు. ఇప్పుడు రాస్తాను.

రుఖియా నన్ను లోపలికి తీసుకెళ్ళింది. ఖైరున్నిసా మంచం మీద కూర్చుని ఉంది. సన్నటి మనిషి, నేను ఎత్తుగా ఉంటుందని అనుకున్నాను. ఆమె నా ముఖం వైపు చూడలేదు, చెయ్యి చాచి నా చెయ్యి అందుకుంది. వేళ్ళన్నీ తడిమి, చూపుడువేలు కొస దగ్గర ఆగింది. అక్కడ సూది గుచ్చి గుచ్చి కాయ కాసింది నాకు. "ఆ, నువ్వే" అంది. అంతే, నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

చీర ఒళ్ళో పెట్టాను. కొంగు విప్పుకుని, చిలక ఎక్కడుందో తోక నుంచి తడుముకుంటూ తల దాకా వెళ్ళింది. కన్ను ఉండవలసిన చోట వేలు ఆగింది. మళ్ళీ తడిమింది. రెండో చిలక కూడా చూసింది. అప్పుడు నవ్వింది. "ఈసారి నాకు పని మిగిలించలేదే" అంది.

"నీకు చూపు తగ్గిందని విన్యాను. నీ పని కూడా నేనే చేసుకొచ్చినాను" అన్నాను.

"కోపం వచ్చిందా?" అంది. వచ్చింది, పోయింది అన్నాను. ఎన్నాళ్ళుగానో కడుపులో ఉన్నది అడిగేశాను. "కన్ను పెట్టొద్దని ఒక్క మాట చెప్పి పంపించి ఉండొచ్చు కదమ్మా. పెట్టేది నేను, తీసేది నువ్వు, ఇదేమి పని?"

ఆమె ఏమందో విను. "చెప్తే నువ్వు చిలకనే మానేస్తావు. నాకు చిలక కావాల్సి ఉండె."

నిజమే కదా! నువ్వు వద్దని రాసిన మరుసటి రోజే నేను మామిడిపిందెలు వేసిన మనిషిని.

తరువాత దిండు కింద నుంచి కంటికి పెట్టుకునే సుర్మా డబ్బీ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే చిన్న చిన్న ఎర్రదారాలు. నేను పెట్టినవే. విప్పినవన్నీ దాచిపెట్టింది. "నువ్వు ఊపిరి బిగపట్టి పెడతావని ఓబళప్ప అన్న చెప్పినాడు. అట్లాంటిదాన్ని చెత్తలో వేయనీకి నాకు చేతులు రాలేదు. నీది నువ్వు తీసుకో" అంది. మీ నాన్న పేరు ఆ గదిలో వినేసరికి మీ నాన్నే వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళు ఏమీ చెప్పకుండా నడిపాడు, మహానుభావుడు.

పటం తీసుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ చీమలంత మనుషుల గురించి నేనే చెప్పాను, దాచిపెట్టడం ఎందుకని. "నాకు ఇప్పుడు అందరూ అట్లనే కనబడతారు" అని మళ్ళీ నవ్వింది. వచ్చేటప్పుడు గడప దాకా ఆమెను నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. నన్ను సాగనంపుతున్నది ఆమె అని రుఖియా అంది. ఏదైతేనేం.

నిఖాకు మనందరం వెళ్ళాలి. అంబికకు కట్టుకోవడానికి మంచి చీర లేదని నాకు తెలుసు. ఎప్పటి నుంచో నిన్ను సాధిస్తోంది కదా, ఎర్రచీర దిగగానే ఆకుపచ్చ పట్టు చీర ఒకటి మగ్గం మీదికి ఎక్కించాను, నిన్న దించాను. పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, డబ్బీలోంచి రెండు దారాలు ఏరి చిలకలకు కన్ను పెట్టాను. ఎరుపు కొంచెం వెలిసింది, పోగు గట్టిగానే ఉంది. రెండు కళ్ళూ సరిగ్గానే కుదిరాయి.

దీన్ని బేరానికి పెట్టకు, అంబికకు ఇయ్యి. నాగేంద్ర టెంపోలోనే పంపుతున్నాను. దీనికి కళ్ళు ఉన్నాయి, ఒంటరిగా రాగలదు.

మీ అత్త,
కదిరమ్మ